తంగేడు చెక్క ఎవరికి కావాలి?

సికింద్రాబాద్ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో మూలికల తోట ఒకటి ఉంది. 1860లో కట్టిన ఆ బంగళాలో ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్లు ఉండేవాళ్లు. ఇప్పుడు రాష్ట్రపతులు దక్షిణాదికి విడిదికి వచ్చేది అక్కడికే. 2023 నుంచి ఏడాది పొడవునా మామూలు జనాన్ని కూడా లోపలికి రానిస్తున్నారు. టికెట్టు కొనుక్కుని వెళితే వందకు పైగా రకాల మందుమొక్కలు, సుగంధపు మొక్కలు కనిపిస్తాయి. దేని పేరు దాని ముందు రాసి ఉంటుంది. నేను వెళ్లిన రోజు చాలామంది మొక్కను చూడకుండా పేరుపలకను ఫొటో తీసుకుని ముందుకు కదిలారు. ఇంటికి వెళ్లాక ఆ పేరును ఫోన్లో వెతుక్కుంటారు కాబోలు.

అక్కడినుంచి మా అల్వాల్‌కు వస్తుంటే రైలు పట్టాల వెంట, చెరువు ఒడ్డున, ఇంకా ఇల్లు లేవని ప్లాట్లలో ఉత్తరేణి, తుమ్మి, గలిజేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఎవరూ నాటకుండానే పెరుగుతుంటాయి. వాటికి పలకలు లేవు. జేసీబీ వచ్చేదాకా వాటి బతుకు వాటిది. మా కాలనీలో వాటిని చూసి పెద్దవాళ్లు ఒక మాట అంటారు: "మన పూర్వీకులకు ఈ మొక్కల సంగతి అంతా తెలుసు, ఇప్పటివాళ్లకు ఏమీ తెలీదు." ఈ మాటలో రెండు సగాలున్నాయి. రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

మొదటి సగం సంగతి చూద్దాం. మా చిన్నతనంలో మోకాలు చీరుకుపోతే పెద్దవాళ్లు గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండేవాళ్లు. చురుక్కుమనేది, నెత్తురు ఆగేది. గాయపాకు అని దానికి ఇంకో పేరు కూడా ఉంది. అంతకన్నా అచ్చమైన అమ్మమ్మ వైద్యం ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఆ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. సముద్రం దాటి వచ్చి మన గట్ల మీద పాకింది. ఎప్పుడో ఎవరో పొలంలో కొడవలి గీసుకున్నప్పుడు చేతికందిన ఆకును నలిపి పెట్టుకుని, పని చేసిందని పక్కవాళ్లకు చెప్పి ఉంటారు. కిడ్నీలో రాళ్లకు తినమనే రణపాల పేరు వింటే పురాణంలోంచి వచ్చినట్టుంటుంది, కానీ అది మడగాస్కర్ మొక్క. సీతాఫలం సీతమ్మ తినలేదు. అది అమెరికా నుంచి పోర్చుగీసు వాళ్ల కాలంలో మన దేశానికి చేరి, తెలంగాణ గుట్టల్లో అడవిమొక్కలా స్థిరపడింది. బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికోది. ఆ బతుకమ్మ నెత్తిన గౌరమ్మకు ఆసరా అయ్యే గుమ్మడి పువ్వుదీ అదే దిక్కు. 1920లో హైదరాబాదులో పుట్టి ఇంటింటి అల్మారాలోకి చేరిన యునాని మందు జిందా తిలిస్మాత్‌లో ముక్కు తెరిపించే ఘాటు నీలగిరి తైలానిది, ఆ చెట్టు ఆస్ట్రేలియాది. మన యునాని హకీములు దాన్ని పరాయిదని పక్కన పెట్టలేదు.

అమెరికా ఖండం వైపు కూడా ఇదే కథ. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలోని ఆదివాసుల మందుల్లో బయటి ఖండాల నుంచి వచ్చిన మొక్కలు ఎన్ని ఉన్నాయని బ్రాడ్లీ బెనెట్, గిలియన్ ప్రాన్స్ అనే శాస్త్రవేత్తలు 2000లో లెక్క తీస్తే రెండు వందలకు పైనే తేలాయి. మన అల్లం, నిమ్మ అక్కడి అమ్మమ్మల చేతుల్లో ఉన్నాయి. మనం వాళ్ల గడ్డిచామంతిని మన అమ్మమ్మలదే అనుకుంటున్నాం.

అన్నింటికన్నా నాకిష్టమైన ఉదాహరణ సర్కారు తుమ్మ. ఇష్టం ఆ చెట్టు మీద కాదు, దాని కథ మీద. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ వంటచెరకు కొరత తీర్చడానికి ఆ విత్తనాలు తెప్పించమని పైవాళ్లకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను ఆ తర్వాతి ఏడాది ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో వేశారు. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ. ఇప్పుడు ఎండిన చెరువు శిఖంలో, పాడుబడ్డ బావి చుట్టూ, శామీర్‌పేట రోడ్డు పక్కన అది లేని జాగా లేదు. నూటయాభై ఏళ్లలోపే పల్లె జనం దాని గురించి ఒక శాస్త్రమంత సంపాదించారు. కాయలు మేకలు ఇష్టంగా తింటాయి, గింజలు మాత్రం అరగవు, పెంటికలతో పాటు ఊరంతా మొలుస్తాయి. బొగ్గుకు దీన్ని మించిన కట్టె లేదు. ముల్లు దిగితే వాపు తొందరగా తగ్గదు. కొట్టేస్తే ఒక్క మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి కాబట్టి వేరుతో పెకలించాలి. ఇవేవీ తాళపత్రాల్లో లేవు, వేదంలో అసలే లేవు. మేకలు కాసేవాళ్లు, బొగ్గు కాల్చేవాళ్లు కళ్లతో చూసి, చేతులు గీరుకుని నేర్చుకున్నారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, దసరా నాడు మొక్కి ఆకు పంచుకునే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం, ఈ సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. వృక్షశాస్త్రం చాలాకాలం రెండింటినీ ఒకే ఇంటిపేరుతో పిలిచింది.

కాబట్టి పూర్వీకులకు అన్నీ తెలుసన్నది నిజం కాదు. కొత్త మొక్క వచ్చినప్పుడల్లా వాళ్లకూ తెలియనిదే. తెలుసుకోవడం ఎట్లాగో మాత్రం తెలుసు. ఆ తెలుసుకోవడం వాళ్ల పనిలో భాగం. మేత, కలుపు, వంటచెరకు, తాడు, తోలు, రంగు, చీపురు, విస్తరి. చెయ్యి ఏ మొక్కను రోజూ పట్టుకుంటే ఆ మొక్క గురించి మనసుకు తెలుస్తుంది.

ఇక్కడే రెండో సగం వస్తుంది. ఇప్పటివాళ్లకు ఏం పోయింది, ఏం మిగిలింది?

తంగేడునే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ పండుగకు ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా అల్వాల్ బజారులో పసుపుపచ్చ కుప్పలు. మా అత్తగారు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పిల్లలు పొద్దున్నే గోనెసంచులు పట్టుకుని చెరువు అవతలికి వెళ్లి కోసుకొచ్చేవాళ్లట. ఇప్పుడు శామీర్‌పేట దాటి, గజ్వేలు వైపు నుంచి ఆటోల్లో తెచ్చి కట్టలు కట్టి అమ్ముతున్నారు. గునుగు కూడా అంతే, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ముంచి అమ్మకానికి పెడతారు. కోయడం నుంచి కొనడానికి మారాం. ఆడపిల్లలకు తంగేడు పువ్వు తెలుసు, తంగేడు చెట్టు తెలియదు. అయినా పువ్వు తెలిసింది కదా, పండుగ దాన్ని కాపాడింది.

కానీ తంగేడులో పువ్వుకన్నా ఎక్కువ పనికొచ్చింది చెక్క. చెక్కలో ఉండే వగరు పచ్చితోలును కుళ్లకుండా ఆపి, మెత్తగా మారుస్తుంది. తరతరాలుగా ఊరి మాదిగవాడల్లో లందల్లో తోళ్లు నానబెట్టిన వాళ్లకు ఏ వయసు చెట్టు చెక్క మేలు, ఎంత దంచాలి, ఎన్నాళ్లు నానాలి, నీళ్లు ఏ రంగుకు తిరిగితే మార్చాలి అన్నీ తెలుసు. చెప్పులు, మోట బొక్కెన, డప్పు, ఎద్దుల పగ్గాలు అన్నిటి వెనుకా ఆ తెలివి ఉంది. ఫ్యాక్టరీ తోలు వచ్చింది, క్రోమియం వచ్చింది, మోట పోయి మోటారు వచ్చింది. లందలు పూడిపోయాయి. తంగేడు పువ్వు కోసం వాపోయే వ్యాసాలు ప్రతి ఏడాదీ దసరా సంచికల్లో వస్తాయి. తంగేడు చెక్క కోసం ఒక్కటీ రాదు.

ఎందుకు రావాలి అని కూడా అడగాలి. ఆ పని చేసినవాళ్లకు ఊరు దూరం పెట్టిన ఇల్లు, ముక్కు మూసుకునే చూపు తప్ప ఏం దక్కింది? వాళ్ల మనవలు లంద మర్చిపోయి ఐటీఐలో, డిగ్రీ కాలేజీలో చేరితే, దాన్ని సంప్రదాయ విజ్ఞానం అంతరించిందని ఏడిస్తే వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది. తెలివి పోవడమూ కులపు బంధం తెగడమూ ఒకేసారి జరిగాయి. పండుగ పట్టుకున్న తెలివి నిలిచింది, కులం కట్టిపడేసిన తెలివి కులపు పనితో పాటు వెళ్లిపోయింది. రెండో దానికి కన్నీళ్లు కార్చేవాళ్లు ముందు లంద వాసన ఒక్క పూట పీల్చి రావాలి. రాసిపెట్టి ఉంటే బాగుండేది, అంతవరకే నేనంటాను. ఎవరూ రాయలేదు. రాయగలవాళ్లు ఆ వాడకు వెళ్లలేదు.

ఈ ప్రాంతంలో ఇంకో తెలివి మూడు తరాల్లోనే వచ్చి వెళ్లింది. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు. అనాబ్ షాహీ రకం, తెల్లటి పొడుగు గుత్తులు. వేసవిలో ఒకసారి, దసరా రోజుల్లో ఒకసారి తీగ కత్తిరించాలి. ఎన్ని కన్నులు ఉంచి కోస్తే గుత్తి పడుతుందో, ఎన్ని ఉంచితే ఉత్త ఆకులే వస్తాయో కత్తెర పట్టిన కూలీలకు తెలుసు. తోటలు ఫంక్షన్ హాళ్లయ్యాయి, వెంచర్లయ్యాయి. ఆ కూలీల తెలివిని ఎవరూ సంప్రదాయం అనలేదు, ఎందుకంటే అది తగినంత పాతది కాదట!

పండుగ కాపాడుతుందన్నాను. అదీ సగమే. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి. వ్రతకల్పం పుస్తకంలో పేర్లు సంస్కృతంలో చక్కగా ఉన్నాయి: మాచీ, బృహతి, అపామార్గం, సింధువారం, గండకీ. రోడ్డు పక్క అమ్మే పత్రి కట్టలో మామిడి, మారేడు, జిల్లేడు, రావి, గరిక ఉంటాయి. మిగతాదంతా పచ్చగా ఉన్నది ఏదైనా. ఒక ఏడాది పుస్తకం చేతిలో పట్టుకుని అమ్మే ఆమెను "ఇందులో గండకి ఏదమ్మా?" అని అడిగాను. "అన్నీ దాంట్లనే ఉన్నయమ్మా, దేవునికి ఎరుక" అంది. నిజానికి ఆ పత్రి ఏ మొక్కదో పండితులే ఒక్క మాట మీద లేరు. పేరు నిలిచింది, మొక్క జారిపోయింది. అదే చవితి నాడు తెలంగాణ ఇళ్లలో తుమ్మికూర వండుతారు. ఆ ఆకు మాత్రం ఎవరూ తప్పు తేలేదు, ఎందుకంటే అది తినాలి. పూజకు వేరే ఆకు పెడితే దేవుడు ఏమీ అనడు. కూరకు పెడితే నాలుక ఊరుకోదు.

కొవిడ్ ఏళ్లలో, పేరు తెలియడానికీ మొక్క తెలియడానికీ ఉన్న ఈ తేడా ఇంకా గట్టిగా కనిపించింది. 2020, 2021లో మా వీధిలో వేపచెట్టుకు పాకిన తిప్పతీగను ఎవరెవరో వచ్చి కోసుకుపోయారు, చివరికి వేపచెట్టు బోసిపోయింది. ఇక్కడికి దగ్గర్లోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ టీకా తయారవుతుంటే, ఇక్కడ మనుషులు నిచ్చెన వేసి తీగ కోశారు. రెంటినీ నమ్మిన వాళ్లే ఎక్కువ, నేనూ తప్పు పట్టను. కానీ ఎంత తాగాలి, ఎన్నాళ్లు తాగాలి, ఎవరు తాగకూడదు అన్నది వీడియోలో చెప్పినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిందని వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది అదే జాతిలో వేరే తీగ అయి ఉండవచ్చంది. ఎవరిది రైటు అన్నది పక్కన పెడితే, గొడవ మొత్తం ఏ తీగ, ఎంత మోతాదు అన్న చోట వచ్చి ఆగింది. వైద్యం తెలిసిన ముసలాయన చేత్తో ఇచ్చినప్పుడు ఆ రెండూ ఆయన చేతిలో ఉండేవి. ఫోన్‌లో మొక్క పేరు వస్తుంది, చెయ్యి రాదు.

బొలీవియా అడవుల్లోని త్సిమానే ప్రజల దగ్గర విక్టోరియా రేయెస్-గార్సియా బృందం 2000 నుంచి 2009 దాకా గమనించి, మొక్కల వాడకం మీద వాళ్ల తెలివిడి ఏడాదికి 1 నుంచి 3 శాతం చొప్పున తరుగుతున్నదని లెక్కగట్టింది. అల్వాల్‌లో అట్లాంటి లెక్క తీస్తే శాతం ఇంకా ఎక్కువే రావచ్చు. అయితే లెక్కకు పట్టుకెళ్లే జాబితా పాతదైతే పోయినవే కనిపిస్తాయి, కొత్తగా చేరినవి కనిపించవు.

జాబితాలు రాసిన వాళ్లు మనకు కొత్త కాదు. 1780ల్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో మన మొక్కలు ఎన్నిటికో తెలుగు పేర్లు రాసుకున్నాడు, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1795 నుంచి లండన్‌లో అవి పెద్ద పుస్తకాలుగా వచ్చాయి. సోమిద చెట్టు బెరడు చలిజ్వరానికి పని చేస్తుందని, సింకోనాకు బదులు వాడవచ్చని ఆయన ప్రచారం చేశాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో ఇప్పటికీ మన సోమిద ఉంది. ఆ బెరడు సంగతి ఆయనకు చెప్పిన మనిషి పేరు లేదు, బొమ్మ గీసిన మనిషి పేరూ లేదు.

మన కాలంలో జాబితా అవసరం ఒక పేటెంటు తగాదా నుంచి వచ్చింది. గాయాలకు పసుపు వాడడం మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. కోట్లమంది తల్లులు రోజూ చేసే పని చాలలేదు, అచ్చయిన కాగితాలు చూపించాల్సి వచ్చింది. అందుకే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టారు. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోని సంగతులు అందులోకి ఎక్కాయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలన్నారు. మొక్క, ఊళ్లో దాని పేరు, దాని వాడకం. మంచి పనే, కాదనను. దొంగతనం ఆపడానికి రశీదు కావాలి. కానీ రశీదులో ఉన్నది రాసిన నాటి సంగతి. ఆ మర్నాడు ఎవరో ఒక కొత్త మొక్కను వాసన చూసి, నమిలి, ఉమ్మేసి ఉంటారు. తెలంగాణ ప్రభుత్వపు మొక్కల పథకం హరితహారంలో రోడ్ల మధ్య నాటిన కోనోకార్పస్‌ను చూడండి. "మేక ముట్టదు, పిట్ట గూడు పెట్టదు" అని గొర్లకాపరులు అన్న చాలాకాలానికి, అది ఇక నాటొద్దని ప్రభుత్వం అంది.

మా అపార్ట్‌మెంటు లాన్‌లో పని చేయడానికి గజ్వేలు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒకావిడ వస్తుంది. ఊళ్లో మక్కచేన్లలో కలుపు తీసిన చెయ్యి. ఇక్కడ పూలమొక్కల మధ్య మొలిచిన గంగవాయిలిని పీకి, చెత్తబుట్టలో వేయకుండా కొంగులో వేసుకుంటుంది. "ఇది కలుపు అని తీయమంటరమ్మా. పప్పుల ఏస్తే మస్తుంటది" అంది. అదే కూరను మా ఇంట్లో వారం వారం కట్ట కట్ట కొంటాం. ఆవిడ ప్రతి మడి నుంచీ తెంపదు. ఆ మూల ఎందుకు వదిలేశావని అడిగితే, "ఆడ గడ్డిమందు కొట్టిండ్రు. ఈ పక్క మీ కుక్కలను తిప్పుతరు. గోడకాడిది మంచిది" అంది. ఏ మూల ఏ వారం ఏ మందు కొట్టారో మా అసోసియేషన్ వాళ్లకు కూడా గుర్తుండదు. ఆవిడకు గుర్తుంది, ఎందుకంటే ఆ ఆకు ఆవిడ పిల్లల కంచంలోకి వెళుతుంది. వాళ్లమ్మ నేర్పినదాంట్లో ఆకు గుర్తుపట్టడం ఉంది, మందు కొట్టిన మడిని గుర్తుపట్టడం లేదు. ఆ రెండోది ఈవిడ సొంతంగా చేర్చుకున్నది. ఏ రిజిస్టరులో దానికి గడి ఉంది?

ఒకరోజు నా బాల్కనీ వైపు చూసి, "అమ్మా, ఆ కుండీలది ఇన్సులిన్ మొక్కనే గదా, ఒక కొమ్మ ఇయ్యిండ్రి" అంది. బ్రెజిల్ మొక్క అది. ఏళ్ల క్రితం ఎవరో ఇస్తే పెట్టాను. మా బ్లాకులో సగం బాల్కనీల్లో ఉంది. దాని మీద ఎలుకలతో ప్రయోగాలు జరిగాయి గానీ, దాన్ని నమ్ముకుని మాత్రలు మానేయమని ఏ డాక్టరూ చెప్పడు. ఆ మాటే చెప్పాను.

"గోళీలెందుకు బంద్ చేస్త? గోళీలేసుకుంటనే ఇది తింట" అంది.

"రెండూ కలిపి తింటే, తగ్గితే దేనివల్ల తగ్గిందో ఎట్లా తెలుస్తుంది?"

కొమ్మను తడిగుడ్డలో చుట్టుకుంటూ నా వైపు కాస్త జాలిగా చూసింది. "గోళీలు ఏడాది సంది ఏసుకుంటున్ననమ్మా. బస్తీ దవాఖానల నెలనెలా సూసిన షుగరు లెక్కంత కార్డు మీద రాసే ఉంది. ఇది తిన్నంక రెండు నెలలు సూస్త. లెక్క అదే వస్తే మీ మొక్క మీకే వాపస్ ఇస్త."